మంచు నేల మీద హుజూర్ కుర్చీ

ఈ సంగతి నేను రాసిపెట్టకపోతే ఇక రాసేవాళ్ళు లేరు. ఆ ఐసు ఫ్యాక్టరీలో నాతో పనిచేసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే. నోటితో చెబితే ఎవరూ నమ్మడం లేదు. మొన్న గ్రంథాలయంలో ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు పత్రికలో బొమ్మ చూస్తూ, మంచు మీద హాకీ ఆడటం చలి దేశాలవాళ్ళకే చెల్లిందని మాట్లాడుకుంటున్నారు. "వరంగల్‌లో కూడా ఒక పిల్లల జట్టు ఉండేది బాబూ. సొంత మైదానంలో వాళ్ళు ఆడిన ప్రతి ఆటా నేను చూశాను" అన్నాను. ఒక కుర్రాడు మర్యాదగా లేచి వెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు పాపం.

అందుకని రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్ళు చదివితే మరీ మంచిది. ఇది ఆట గురించిన కథలా కనిపిస్తుంది గాని, నిజానికి కొందరు మనుషులు పని నిలబెట్టుకోవడానికి ఎంత దూరం వెళ్ళారో చెప్పే కథ.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. వరంగల్ స్టేషన్‌కు కాస్త ఎడంగా ఒక ఐసు ఫ్యాక్టరీ ఉండేది. బజారులో కిరాణా దుకాణం ఉన్న ఒక సేటుది. నేను అందులో తొట్టి దగ్గర పనివాణ్ణి. పని పెద్ద విచిత్రమేమీ కాదు. ఉప్పునీళ్ళ తొట్టి ఒకటి, దాన్ని చల్లబరిచే ఇంజను ఒకటి. మంచినీళ్ళు నింపిన రేకు డబ్బాలను ఆ తొట్టిలోకి దించితే, లోపలి నీళ్ళు గడ్డకట్టి దిమ్మెలవుతాయి. వాటిని పైకి తీసి, ఊకలో కప్పి, గోనెపట్టా చుట్టి బండికెక్కించాలి. ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. అప్పుడే తొట్టిలోంచి తీసిన దిమ్మె మీద తడిగుడ్డ వేస్తే మేకులు కొట్టినట్టు అతుక్కుపోతుంది. ఇక లాగినా రాదు.

మా ఐసు చాలావరకు కాజీపేటకు పోయేది. రైళ్ళలో సోడాలకు, చేపల బుట్టలకు, పెద్ద తరగతి ప్రయాణికుల షర్బతులకు. దీపావళి దాటి చలి మొదలైతే అడిగేవాళ్ళు ఉండేవారు కాదు. సేటు ఇంజను ఆపించి గేటుకు తాళం వేసేవాడు. మళ్ళీ శివరాత్రికే తీయడం. ఆ నెలలన్నీ నేను గంజిలో, అంటే ధాన్యం మార్కెట్టులో, బస్తాలు మోసేవాణ్ణి.

ఆ ఏడు తాళం వేసే రోజులు దగ్గరపడుతుండగా మిస్త్రీ అన్న నన్ను ఇంజను గదిలోకి పిలిచాడు. ఆయనది కాజీపేట. చర్చికి ఆనుకుని ఇల్లు. రైల్వే షెడ్డులో పని నేర్చుకున్న మనిషి. మా ముసలి ఇంజను ఆయన చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యి తగిలినా నడిచేది కాదు.

"ఈసారి తాళం పడ్డదంటె నేను షోలాపూర్ పోతాన తమ్మీ," అన్నాడు. "ఆడ మిల్లుల ఇంజను పని ఉన్నదట. ఏడాది పొడుగూత నడుస్తదట."

"ఎండకాలం మళ్ళొస్తవా అన్నా?"

"ఆడ కడుపు నిండితె ఈడికెందుకొస్తరా? పిల్లలకు చలికాలం ఆకలి కాదా?"

ఆయన పోతే ఇంజను లేదు. ఇంజను లేకపోతే దాన్ని ఇనుప సామాను కింద అమ్మేస్తానని సేటు ముందే చెప్పాడు. యుద్ధంలో ఇనుముకు గిరాకీ ఉండేది. అంటే ఆ తాళం పడితే మా అందరికీ పడ్డట్టే.

నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా హనుమకొండలోని గ్రంథాలయంలో నేను సొంతంగా సంపాదించుకున్నదే. ఇంగ్లీషు కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని అక్కడే నేర్చుకున్నాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. అక్కడ అట్ట ఊడిపోయిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. లోకంలోని ఆటలన్నీ అందులో ఉన్నాయి. అందులోనే చూశాను, గడ్డకట్టిన నేల మీద పిల్లలు వంకర కర్రలు పట్టుకుని జారుతున్న బొమ్మ. చుట్టూ వేలంవెర్రిగా జనం. కింద రాసిన ముక్క కూడబలుక్కుని చదివితే, అది చలికాలపు ఆట అని ఉంది. పుస్తకం మూసి నేరుగా సేటు దుకాణానికి నడిచాను.

"సేట్, చలికాలంల గూడ ఐసు అమ్ముడుపోయే ఉపాయం దొరికింది."

"ఏ పుస్తకంల దొరికిందిరా పంతులూ?" అన్నాడు సేటు. చదువు పిచ్చి ఉందని నన్ను అలాగే పిలిచేవాడు.

అంతా చెప్పాను. ఐసును దిమ్మెలుగా అమ్మనక్కర్లేదు, నేలగా పరిచి టికెట్టు పెడితే చాలన్నాను.

"మంచు మీద ఆడుతరా? జారి పడరా?"

"పడ్తరు సేట్. జనం వచ్చేది దానికే."

సేటు త్రాసులోంచి రాయి తీసి చేతిలో తిప్పుతూ ఆలోచించాడు. "మనోళ్ళు బజార్ల ఎవడన్న బొక్కబోర్ల పడ్డడంటె బేరం ఇడిసిపెట్టి ఉరుకుతరు. చూద్దాం తియ్," అన్నాడు.

దిమ్మెలు నిలవ చేసే పెద్ద కొట్టంలో ఊక పరిచి, దాని మీద దిమ్మెలు పక్కపక్కన పేర్చి, సందుల్లో నీళ్ళు పోశాం. నీళ్ళు గడ్డకట్టి అంతా ఒకే పలకలా అయింది. మిస్త్రీ అన్న ఒక అడుగు వేసి చూశాడు. అతుకులు కిర్రుమన్నాయి. రెండో అడుగుకు పగులు తేలింది. "పెద్దోళ్ళు పనికి రారు. పోరగాండ్లే ఆడాలె," అన్నాడు. మాది పిల్లల జట్టు ఎందుకైందంటే ఇందుకైంది. లోకంలో మిగతా జట్లకు వయసు చూసి నియమం పెడతారట. మాకు మిస్త్రీ అన్న పాదం పెట్టింది.

పిల్లలు కొత్తవాడలో దొరికారు. యుద్ధం వల్ల నూలు రాక మగ్గాలు ఆగి, జంపఖానాలు నేసే ఇళ్ళలో పిల్లలు ఊరికే తిరుగుతున్నారు. తల్లులను ఒప్పించడమే కష్టమైంది.

"మా పోరనికి సర్ది జేస్తె దవాఖానకు ఎవలు తిప్పుతరు?" అని ఒకామె నన్ను వాకిట్లోనే నిలబెట్టింది.

"చలి దేశాలల్ల అందరు ఆడుతరక్కా. అది ఆరోగ్యమని పుస్తకంల రాసిండ్రు."

"పుస్తకం రాసినోనికి ముక్కు కారలేదేమో."

చివరికి ప్రతి పిల్లవాడి ఛాతీకీ నీలగిరి తైలం రాసి పంపేట్టు ఒప్పందం కుదిరింది. ఆట రోజున కొట్టం తలుపు తీస్తే చలి కన్నా ముందు ఆ వాసన కొట్టేది. చెక్క చెప్పుల కింద బండి చక్రపు ఇనుప పట్టీ ముక్క బిగించాం. తుమ్మ కొమ్మలు వంచి కర్రలు చేశాం. బంతికి బదులు కాజీపేట యార్డులో పారేసిన రబ్బరు బిళ్ళ. అంపైరుగా ఒక రైల్వే గార్డు దొరికాడు. ఈల, జెండాలు ఆయనవే. అతుకులు విచ్చుకోకుండా ఆయన ఊక బస్తాల మీద నిలబడే ఈల వేసేవాడు.

లోకంలో ఇంకెక్కడా అలాంటి నేల ఉందని మాకు తెలియదు కాబట్టి మా జట్టు బయటికి పోయి ఆడే ప్రశ్నే లేదు. అన్నీ సొంత మైదానంలోనే. ఎదుటి జట్టుగా మిషన్ హాస్టల్ పిల్లలు వచ్చారు. మొదటి ఆటలో వాళ్ళు ఒకరి నడుము ఒకరు పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. మావాళ్ళు బాగానే జారారు గాని ఆగడం నేర్చుకోలేదు. ప్రతి పరుగూ ఎదుటి గోడకున్న ఊక బస్తాల్లో తలకాయ దూరడంతో ముగిసేది. రబ్బరు బిళ్ళ సగం సేపు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. ఒక్క గోలూ పడలేదు. జనం మాత్రం కడుపు పట్టుకుని నవ్వి, వచ్చే వారం మళ్ళీ ఉందా అని అడిగి పోయారు. ఇంజను నడుస్తోంది. సేటు తాళం మాట ఎత్తలేదు.

మూడో ఆట నాటికి అమీన్ సాబ్ వచ్చాడు. పోలీసు అధికారి. "ఇంతమంది ఒక్కకాడ గుమిగూడుడు ఇజాజత్ లేకుండ ఎట్ల?" అన్నాడు. సేటు షర్బతు పోశాడు. అమీన్ తాగాడు గాని మెత్తబడలేదు. పైనుంచి హుజూర్, అంటే జిల్లా పెద్ద అధికారి, స్వయంగా వచ్చి చూస్తారని, ఇది ఆటే అని ఆయనకు తోస్తే అనుమతి, లేకపోతే గేటుకు సర్కారు తాళం అని చెప్పి వెళ్ళాడు. సేటు తాళమైతే శివరాత్రికి తీసేవాడు. సర్కారు తాళం ఎప్పుడు తీస్తారో ఎవరూ చెప్పలేరు.

మిస్త్రీ అన్న ఆ సాయంత్రం ట్రంకు పెట్టె దుమ్ము దులిపాడని ఆయన భార్య, మా వదినె, చెప్పింది.

హుజూర్ వచ్చేది జుమ్మా రోజున, శుక్రవారం సెలవు కాబట్టి. నేల అద్దంలా ఉండాలని మిస్త్రీ అన్న ఆ మధ్యాహ్నమే తొట్టిలోంచి తీసిన కొత్త దిమ్మెలు పరిపించాడు. సేటు కొత్తవాడ నుంచి ఎర్ర చారల జంపఖానా తెప్పించాడు. దాని మీద ఊక కనబడిందని పొద్దున్నే ఉతికించాడు. చలికాలపు ఎండకు అది సరిగా ఆరలేదు. ఇక కుర్చీ ఎక్కడ వేయాలన్నది పెద్ద చర్చ అయింది. పక్కల బస్తాల మీద మామూలు జనం నిలబడతారు, అక్కడ హుజూర్‌ను కూర్చోబెట్టరాదు. వెనక వేస్తే ఆయన ముందు ఎవరో ఒకరి వీపు ఉంటుంది. అంతకన్నా రాదు. చివరికి తలుపు లోపలనే, మంచు మీదనే, మా గోలు గుంజ పక్కన జంపఖానా పరిచి కుర్చీ వేశారు.

హుజూర్ సన్నని మనిషి, అతుకులు కిర్రుమనలేదు. షేర్వాణీ, మెరిసే బూట్లు. నవ్వని ముఖం. కూర్చున్నారు. ఆట మొదలైంది. కాసేపటికి మిస్త్రీ అన్న నా భుజం గిల్లాడు.

"తమ్మీ, జంపఖాన పట్టుకున్నది."

"అయ్యో. కుర్చీ?"

"కుర్చీ కాళ్ళు గూడ పట్టుకున్నయి."

"హుజూర్ కాళ్ళు?"

"బూట్ల దాక వచ్చింది. ఇప్పుడైతె పానం మంచిగనే ఉన్నట్టున్నడు."

ఈ మాట హుజూర్‌తో ఎవరు చెప్పాలి? ఎవరూ చెప్పలేదు. ఆట సాగింది. హాస్టల్ పిల్లవాడొకడు నిలబడినచోటే తూలి, పడబోతూ కర్ర విసిరాడు. రబ్బరు బిళ్ళ గిర్రున వచ్చి హుజూర్ కుడి బూటుకు తగిలి, పక్కకు తిరిగి, తిన్నగా మా గోలులోకి పోయింది.

కొట్టంలో అంతవరకు నవ్వుతున్న జనం మెడలు చాచి హుజూర్ బూటు వైపు చూశారు. గార్డు ఈల నోట్లో పెట్టుకుని ఊదకుండా నా వైపు చూశాడు.

"పంతులూ, పుస్తకంల ఏమున్నది?"

పుస్తకంలో ఉన్నది నాకు బాగా తెలుసు. చూసేవాళ్ళు ఆటస్థలం బయట కూర్చోవాలి. కాని ఆ మాట అంటే హుజూర్ కూర్చోరానిచోట కూర్చున్నట్టు. సేటు ముఖం ఊక రంగుకు తిరిగింది. అన్నేళ్ళ నా చదువంతా కూడగట్టుకుని అన్నాను: "ఆటస్థలంల కుర్చీ ఉంటె ఏం జెయ్యాల్నో పుస్తకంల లేదు. కుర్చీ వద్దని గూడ లేదు."

గార్డు ఈల వేసి పచ్చజెండా ఊపాడు. గోల్.

హుజూర్ ఉర్దూలో అడిగారు, అది ఎవరు వేశారని.

"హుజూరే వేసిండ్రు," అన్నాడు గార్డు.

ఏ జట్టుకు అని అడిగారు. సేటు నా వెనక్కి జరిగాడు. హాస్టల్ వార్డెన్ గారు ముందుకొచ్చి వంగి సలాం చేశారు. "మా జట్టుకు హుజూర్. మా పిల్లలకు తోడు నిలిచిండ్రు."

హుజూర్ వంగి తన బూటు చూసుకున్నారు. తర్వాత ఆయన అన్న మాట నేను జన్మలో మరిచిపోను. చదువుకునే రోజుల్లో తనకు హాకీ ఆడాలని ఎంతో ఉండేదట. తేలికగా ఉన్నాడని ఎవరూ జట్టులో చేర్చుకోలేదట. అది చెప్పి, వచ్చే జుమ్మాకు ఆట ఎన్నింటికని అడిగారు. అమీన్ సాబ్ అక్కడికక్కడే అనుమతి అయిపోయిందని సేటు చెవిలో చెప్పాడు.

లేవాలి కదా ఇక. మిస్త్రీ అన్న ఇంజను దగ్గర్నించి గోరువెచ్చటి నీళ్ళు చెంబుతో తెచ్చి, ఊక బస్తా మీద మోకాళ్ళూని, బూట్ల చుట్టూ సన్నగా ధార పోశాడు. ఇదేమిటని హుజూర్ అడిగారు.

"మంచు ఆటల గెల్సినోళ్ళ కాళ్ళు గడుగుతరు హుజూర్," అన్నాడు మిస్త్రీ అన్న, తల ఎత్తకుండా.

నేను చదివిన ఏ పుస్తకంలోనూ అది లేదు. కాని ఆనాటి నుంచి మా దగ్గర అది ఆచారమైపోయింది.

ఆ చలికాలమంతా హుజూర్ ప్రతి జుమ్మాకూ వచ్చి అదే కుర్చీలో, అదే గుంజ పక్కన కూర్చున్నారు. ఒకసారి బాగా ఆరిన జంపఖానా వేస్తే కుర్చీ జారి కదిలింది. అప్పటినుంచి తడిపి వేయమని ఆయనే ఆజ్ఞాపించారు. బూటును కాస్త అటూ ఇటూ తిప్పడం కూడా నేర్చుకున్నారు. ఏ జట్టు వచ్చినా ఆయన వచ్చినవాళ్ళ పక్షమే. ఊరంతా చూడటానికి ఎగబడింది. ఆ కుర్చీ పడ్డాక సొంత మైదానంలో వరసగా అన్ని ఆటలూ ఓడిన జట్టు మాది. గుంజ పక్కనున్న కుర్చీని ఏ పిల్లవాడు అడ్డుకుంటాడు? మాకు మాత్రం తాళం పడలేదు. ట్రంకు పెట్టె మళ్ళీ అటకెక్కింది.

శివరాత్రి దగ్గరపడుతుండగా పిల్లలు అడ్డం తిరిగారు. జట్టు కెప్టెన్ చెక్క చెప్పులు తెచ్చి సేటు దుకాణం మెట్టు మీద పెట్టాడు.

"మేం గెల్సుడెప్పుడు సేట్?"

"గేటు తెరిచున్నది గదరా. అదే గెలుపు."

"గేటు మీకు తెరిచున్నది. మాకు గోలే మూస్కపోయింది. వాళ్ళకు కుర్చీ ఉన్నప్పుడు మాకు గూడ ఒక కుర్చీ గావాలె. లేకుంటె ఈ జుమ్మాకు రాము."

"కుర్చీల ఎవర్ని కూసోబెడుతవురా?"

"నిన్నే."

పిల్లలు రాకపోతే ఆట లేదు. ఆట లేకపోతే హుజూర్‌కు కోపం, గేటుకు తాళం. సేటు కుర్చీ ఎక్కితే, పొరపాటున ఆయన కాలికి తగిలి గోలు పడితే, హుజూర్‌ను ఓడించినవాడు సేటే అవుతాడు. అప్పుడూ తాళమే. సేటు ఆ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "గదెట్ల జేసినా నేనే మునుగుడు గదరా పంతులూ. నీ పుస్తకాన్ని ఆ గ్రంథాలయంలనే తాళమేసి పెడితె మంచిగుండు," అన్నాడు.

జుమ్మా వచ్చింది. ఎదుటి గోలు ముందు రెండో కుర్చీ వేశాం. సేటు భారీ మనిషి. కూర్చోగానే కింద అతుకులు మూలిగాయి. బిళ్ళ తగలకుండా ఆయన కాళ్ళు రెండూ పైకి మడిచి, దుకాణంలో గద్దె మీద కూర్చున్నట్టు బాసింపట్టు వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆట మొదలైన కొద్దిసేపటికే హుజూర్ బూటు తిప్పి ఒక గోలు వేశారు. జనం చప్పట్లు. తర్వాత మా కెప్టెన్ బిళ్ళను తీసుకుని, ఆ చలికాలమంతా నేర్చుకోని విద్య ఒకటి చూపించాడు. ఆగాడు. ఆగి, చూసి, కొట్టాడు. బిళ్ళ సేటు కుర్చీ కాలికి ఠంగుమని తగిలి గోలులో పడింది.

గార్డు నన్ను అడగలేదు. ఒక కుర్చీకి చెప్పిన న్యాయమే రెండో కుర్చీకి కూడా. ఆయన ఈల వేశాడు. సేటు కళ్ళు తెరవలేదు.

హుజూర్ దిగ్గున లేచారు. బూట్లు అతుక్కునే ఉన్నాయని ఆయనకు గుర్తులేదు. బూట్లు అక్కడే ఉండిపోయాయి, హుజూర్ సాక్సులతో మంచు మీదికి వచ్చారు. ఒక్క అడుగే వేశారు. మిగతా దూరమంతా మంచే తీసుకుపోయింది. మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు, షేర్వాణీ రెపరెపలాడుతూ, నిలువునా నిలబడే జారి, సేటు కుర్చీని కౌగిలించుకుని ఆగారు.

"సేట్," అన్నారు రొప్పుతూ, "బరాబర్. చెరో గోల్."

అప్పుడు విన్నాం ఆ చప్పుడు. ఇద్దరు పెద్దవాళ్ళ బరువుకు నేల మధ్యలో పెళ్ళున విచ్చుకుంది. పగులు గోలు నుంచి గోలు దాకా పాకింది. పిల్లలు బస్తాల మీదికి దూకారు. సరిగ్గా అదే సమయానికి బయట బండ్లవాడి కేక వినిపించింది. కాజీపేట నుంచి మనిషి వచ్చాడు. ఎండలు ముదిరాయట, సాయంత్రం రైలుకు ఐసు కావాలట. ఉన్న దిమ్మెలన్నీ నేలకే వాడేశాం. ఊకలో ఒక్క దిమ్మె లేదు.

మిస్త్రీ అన్న నేల వైపు చూశాడు. హుజూర్ వైపు చూశాడు.

"తమ్మీ, గడ్డపార తే," అన్నాడు.

మేం మైదానాన్ని పగలగొట్టి బండ్లకెక్కించాం. హుజూర్ ఊక బస్తా మీద కూర్చుని సాక్సులు పిండుకుంటూ, తను సమం చేసుకున్న మైదానం దిమ్మె తర్వాత దిమ్మెగా కాజీపేటకు పోవడం చివరిదాకా చూశారు. కాళ్ళు కడగమంటారా అని మిస్త్రీ అన్న అడిగాడు. గెలవలేదు కదా, వద్దన్నారు.

మరుసటి చలికాలానికి గాయపడ్డ సైనికులను మోసే రైళ్ళు కాజీపేట మీదుగా పోసాగాయి. వాటికి ఐసు కావలసివచ్చి ఇంజను ఆగనే లేదు. ఆటను ఎవరూ ఆపమనలేదు. ఎవరికీ తీరిక లేకపోయింది, అంతే. హుజూర్‌కు బదిలీ అయింది. మిస్త్రీ అన్న ఆ ఇంజను దగ్గరే ముసలివాడయ్యాడు.

పేర్లు రాస్తే వాళ్ళ మనవలు నొచ్చుకుంటారేమోనని, మేం ఒకరినొకరం పిలుచుకున్న పిలుపులతోనే దండాలు పెట్టుకుంటున్నాను. పచ్చజెండా ఊపిన గార్డు సాబ్‌కు. సమయానికి ముందుకొచ్చిన వార్డెన్ గారికి. నీలగిరి తైలం రాసి పంపిన కొత్తవాడ అక్కలకు. చివరి ఆటలో ఆగడం నేర్చుకున్న కెప్టెన్‌కు, అతని జట్టు పిల్లలందరికీ. కళ్ళు మూసుకునైనా కుర్చీ ఎక్కిన సేటుకు. గోరువెచ్చటి నీళ్ళు పోసిన మిస్త్రీ అన్నకు. బూట్లు మంచులో వదిలేసి, తడి సాక్సులతో గేటు దాటిపోతూ, తాళం సంగతి అడిగిన అమీన్ సాబ్‌తో "ఏ తాళం?" అన్న హుజూర్‌కు.